ఉద్దానం అంటే తోట

ఆసుపత్రిలో ఉన్నవారిని చూడడానికి మన వైపు ఎవరూ వట్టి చేతులతో రారు. కవిటి, కంచిలి, సోంపేట వైపు నుంచి వచ్చేవారైతే రెండు కొబ్బరిబొండాలైనా సంచిలో వేసుకొని వస్తారు. కొనుక్కొచ్చినవి కావు, సొంత చెట్టు బొండాలు. తెల్లవారుజామునే దింపించి, బస్సెక్కి, దిగిన చోటు నుంచి ఎండలో నడిచి తెచ్చినవి. తీరా కిడ్నీ రోగి మంచం దగ్గరకు వచ్చేసరికి సిస్టరుగారు ఆ సంచిని పక్కన పెట్టించేస్తారు. తెచ్చిన పెద్దాయన ముఖం చిన్నబోతుంది. "మా తోటలో కాయేనమ్మా, ఇందులో కల్తీ ఏటుంటాది?" అంటాడు.

ఆయన తప్పు ఏమీ లేదు. విరేచనాలైనప్పుడు, వడదెబ్బ తగిలినప్పుడు కొబ్బరినీళ్ళు తాగమని మేమే చెబుతాము. కానీ కొబ్బరినీళ్ళలో పొటాషియం అనే లవణం చాలా ఎక్కువ. 240 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 600 మిల్లీగ్రాములు ఉంటుంది. మంచి కిడ్నీలు అదనంగా ఉన్నదాన్ని మూత్రంలో పంపించేస్తాయి. చెడిపోయిన కిడ్నీలు పంపించలేవు. అది రక్తంలో పేరుకుపోతే గుండె కొట్టుకునే తీరు తప్పుతుంది, ఒక్కొక్కసారి గుండె ఉన్నట్టుండి ఆగిపోతుంది కూడా. కిడ్నీ జబ్బు ఉన్న ప్రతివారికీ ఒకే పథ్యం ఉండదు. రక్తపరీక్షలో పొటాషియం ఎంత ఉందో చూసి డాక్టరుగారు చెప్పాలి. అయితే డయాలిసిస్ మీద ఉన్నవారికి మాత్రం బొండం, అరటిపండు, పనసతొన ఇంచుమించు ఎప్పుడూ నిషేధమే. పండు ఏదైనా పెట్టాలనుకుంటే, డాక్టరుగారిని అడిగి, ఆపిల్ ముక్కో సీతంపేట అనాస ముక్కో కొద్దిగా పెట్టవచ్చు. వాటిలో పొటాషియం తక్కువ.

ఉద్దానంలో పుట్టి, కొబ్బరిచెట్ల నీడన పెరిగి, చివరికి కొబ్బరినీళ్ళు ముట్టుకోవద్దనిపించుకోవడం కంటే కష్టమైన పథ్యం ఉంటుందా అని మాకు అనిపిస్తూ ఉంటుంది. ఈసారి మందుల గురించి కాకుండా తోటల గురించి రాయాలనుకోవడానికి కారణం ఇదే.

ఉద్యానవనం అనే మాట నుంచే ఉద్దానం అనే పేరు వచ్చిందని చెబుతారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు కలిసిన ప్రాంతమిది. ఒకవైపు సముద్రం, మరోవైపు మహేంద్రగిరి కొండలు, మధ్యలో ఇసుక కలిసిన నేలలు. రెండో కోనసీమ అని పిలిచేవారు. కోనసీమకు గోదావరి కాలువలున్నాయి. ఇక్కడ అటువంటి కాలువలు లేకుండా, వాననీటితో, నేలబావుల నీటితో మనవాళ్ళు తోట నిలబెట్టారు. ఆ తోట కూడా వరుసలు తీర్చినది కాదు. పైన కొబ్బరి, దాని కింద పనస, మామిడి, ఆ కింద జీడిమామిడి, అరటి, ఇంటి దగ్గర మునగ, నిమ్మ, కరివేపాకు, పందిరి మీద ఆనప, బీర. ఎండ నేల మీద పడడానికి సందు దొరకదు. పట్నం నుంచి వచ్చినవారికి అది చిందరవందరగా కనబడుతుంది. మాకు మాత్రం తీర్చిదిద్దిన పార్కుల కంటే అదే అందంగా ఉంటుంది. కొబ్బరికి ధర పడిపోయిన ఏడు పనస ఆదుకుంటుంది, జీడిపూత మాడిన ఏడు మునగ కాస్తుంది. అది అందంతోపాటు తెలివి కూడా.

ఈ తోటలో చుట్టాలే ఎక్కువ. జీడిమామిడి బ్రెజిల్ దేశపు చెట్టు. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారు ఓడల మీద తెచ్చారు. అంతకుముందే మనకు చాకలివారు బట్టలకు గుర్తు పెట్టే జీడి తెలుసు. దాని రసం ఒళ్ళు కాలుస్తుంది. కొత్తగా వచ్చిన చెట్టు గింజ కూడా అలాగే కాల్చింది కాబట్టి, పండు ఇచ్చింది కాబట్టి, జీడిమామిడి అన్నారు. (పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు ఒలిచే అక్కచెల్లెళ్ళకు ఆ రసం సంగతి మేము చెప్పనక్కర లేదు. చేతులు చూపిస్తే చాలు. గ్లవ్స్ వేసుకోండి అని మేము, పని సాగదండీ అని వారు. ఈ వాదన ఇంకా తెగలేదు.) జామ, బొప్పాయి, అనాస, సపోటా, పచ్చిమిర్చి కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. పండుగకు గుమ్మానికి కట్టే బంతిపువ్వు మెక్సికోది. ఎవరిదో దేశం నుంచి వచ్చిన మొక్కను మన నేల ఏనాడూ పరాయిదని అనలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరాన్ని దాటింది. అంతకుముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ చూసినవాళ్ళమే. అయినా తిత్లీ వేరు. ఒక్క రాత్రిలో కొబ్బరిచెట్లు మొదలంటా కూలాయి, నిలబడ్డవాటికి మొవ్వ విరిగిపోయింది. మొవ్వ పోయిన కొబ్బరి ఇక చిగురించదు. జీడిమామిడి తోటలు వేళ్ళు పైకి తేలి పడుకున్నాయి. పొలం మునిగితే మరుసటి ఏడు పంట వేసుకోవచ్చు. నాటు కొబ్బరి మొక్క కాపుకు రావడానికే ఆరేడేళ్ళు పడుతుంది, నిండుగా కాయడానికి ఇంకా పడుతుంది. తాత నాటిన చెట్టు కూలితే మనవడికి గాని దాని వంటిది దొరకదు. ఆ తరువాత ఎంతోమంది యువకులు వలస వెళ్ళిపోయారు. తిత్లీ వెళ్ళిన మరుసటి ఏడాది ఓపిక చేసుకొని నాటినవారి మొక్కలు ఇప్పుడు కాపుకు వచ్చే వయసులో ఉన్నాయి.

ఇక్కడ మా అభిప్రాయం ఒకటి గట్టిగా చెప్పాలి. కిడ్నీ జబ్బు భయంతో కొందరు, ఈ నేలలోనే ఏదో ఉంది, తోటలు తీసేసి స్థలాలు అమ్ముకొని పోవడం మేలు అంటున్నారు. మేము ఒప్పుకోము.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు 1990ల నుంచి వైద్యుల దృష్టిలో ఉంది. 2019లో ప్రచురితమైన ఒక సర్వేలో పరీక్ష చేసిన పెద్దవారిలో నూటికి సుమారు 18 మందికి దీర్ఘకాల కిడ్నీ జబ్బు కనబడింది. వారిలో ఎక్కువమందికి షుగరు గాని, బి.పి. గాని, తెలిసిన మరే కారణం గాని లేదు. నీటిలోని సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే చాకిరీ అన్నారు, నొప్పుల మాత్రలు అన్నారు. ఒక్క కారణమని ఇంతవరకు తేలలేదు. శ్రీలంకలోను, మధ్య అమెరికా చెరకు తోటల్లోను ఇలాంటి జబ్బే ఉంది, అక్కడ కూడా ఎండలో కష్టపడే రైతుకూలీలకే ఎక్కువ. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని హిరమండలం నుంచి పైపుల ద్వారా ఉద్దానానికి తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల తాగునీటి పథకం కూడా ఆ రోజే ప్రారంభమైంది. ఇవి ఇంతకాలానికైనా వచ్చినందుకు సంతోషించాలి.

కాని చెట్టు దోషి అని ఎవరూ రుజువు చేయలేదు. ఎండదెబ్బ ఒక కారణం అయ్యే వీలు ఉన్నప్పుడు, నీడనిచ్చే చెట్టు కొట్టేయడం ఏమి తెలివి? కొబ్బరి, పనస నీడలో పనిచేసే మనిషికి, బోడి గరువులో పనిచేసే మనిషికి పట్టే చెమటలో తేడా ఉంటుంది. తోట తిరిగి లేవడం కూడా కిడ్నీల రక్షణలో భాగమేనని మేము అనుకుంటున్నాము. పరిశోధనలో తేలిన మాట కాదు, మా అభిప్రాయం. తోటపని చేసేవారు మాత్రం పది, పదకొండు గంటలకల్లా ఎండ పని ముగించుకోవాలి, మంచి నీళ్ళు వెంట తీసుకెళ్ళాలి. సాయంత్రం నడుము నొప్పికి దుకాణంలో రంగు మాత్రలు కొనుక్కోవడం ఈ రోజే మానేయాలి. నొప్పుల మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయన్నది అభిప్రాయం కాదు, తెలిసిన సంగతి.

ఆసుపత్రికీ తోటకూ ఉన్న చుట్టరికం చాలా పాతది. మన పక్కనే గంజాం జిల్లాలో, ఋషికుల్య నది ఒడ్డున జౌగడ ఉంది. అక్కడి బండ మీద క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. కళింగ యుద్ధం చేసి, దానికి పశ్చాత్తాపపడిన రాజు. కళింగమంటే మనమే. రెండవ శాసనంలో ఆయన రెండు రకాల వైద్యం ఏర్పాటు చేశానంటాడు, మనుషులకు ఒకటి, పశువులకు ఒకటి. మందు మొక్కలు లేని చోటికి వాటిని తెప్పించి నాటించాననీ, వేళ్ళనిచ్చేవి, పండ్లనిచ్చేవి కూడా నాటించాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించాననీ చెబుతాడు. ఆసుపత్రి, మందుల తోట, తాగే నీరు, నీడ: నాలుగూ ఒకే ఆజ్ఞలో ఉన్నాయి. ఇరవై రెండు వందల ఏళ్ళ తరువాత మనం వీటికి నాలుగు వేరు వేరు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాము.

గార మండలంలో, వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం గుట్ట ఎక్కినవారికి బౌద్ధ స్తూపాల శిథిలాలు తెలుసు. బౌద్ధ సన్యాసులు ఉండే చోటును ఆరామం అంటారు. పాళీ భాషలో ఆ మాటకు తోట అనే అర్థం ఉంది. ఊరికి మరీ దూరం కాకుండా, ఊరి గోల వినబడకుండా ఉండే తోటను దానమిస్తే అక్కడ విహారం కట్టుకునేవారు. బైబిలు చదివేవారికి ఏదెను తోట నుంచి గెత్సేమనే వరకు తోటలు కొత్త కాదు. పరదైసు అనే మాట కూడా పాత పారశీక భాషలో చుట్టూ గోడ కట్టిన ఆవరణ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ఎడారి గాలికి గోడ కట్టి, లోపల కాలువ పారించి, చెట్టు పెంచారు. మొగలాయిల నాలుగు కాలువల తోటలు ఆ వంశంలోవే. విజయనగరంలో పూల్‌బాగ్ అనే పేరు వినడానికి అలవాటైపోయి, అది పూలతోట అనే అర్థం మనకు తట్టదు. తోటపాలెం సంగతీ అంతే. తోటలు పోయినా పేర్లు మిగిలాయి.

యూరపులో మఠాల తోటల కథ మాకు మరీ ఇష్టం. స్విట్జర్లాండులోని సెయింట్ గాల్ మఠం గ్రంథాలయంలో క్రీ.శ. 820 ప్రాంతంలో గీసిన ఒక పటం నేటికీ ఉంది. ఒక మఠం ఎలా కట్టాలో చూపే నమూనా అది. అందులో రోగుల విడిది ఉంది, పక్కనే వైద్యుడి ఇల్లు ఉంది, ఆ ఇంటి పక్కనే 16 మడులతో మందుమొక్కల తోట ఉంది. ఏ మడిలో ఏ మొక్కో కూడా రాసి పెట్టారు. మెంతి, జీలకర్ర, పుదీనా, సోంపు, గులాబి... సగం మన పోపులపెట్టె! 1545లో ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థులకు అసలు మొక్కకూ నకిలీ మొక్కకూ తేడా నేర్పడానికి తోట వేశారు. ఆ తోట ఇప్పటికీ ఉన్న చోటే ఉంది.

మన తీరానికి ఈ విద్య వచ్చింది కంపెనీ డాక్టర్లతో. వారు వ్యాపారం కోసం వచ్చిన కంపెనీ నౌకరులే, పుణ్యం కోసం రాలేదు. అయినా చేసిన పని చెప్పుకోవాలి. 1780లలో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండి ఈ ప్రాంతపు పాములను, చేపలను పరిశీలించాడు. 1796లో వచ్చిన పాముల పుస్తకంలో, తెలుగువారు కటుక రేకుల పొడ అనే పామును ఆ పేరుతోనే వర్ణించాడు. మనం రక్తపింజర అనేది దాన్నే. ఇంగ్లీషువారు దానికి రస్సెల్ పేరే పెట్టుకున్నారు. దాని విషం రక్తాన్నే కాదు, కిడ్నీలను కూడా పాడు చేస్తుంది. కొబ్బరిమట్టలు, ఎండుటాకులు కుప్పలుగా ఉన్నచోట చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. కరిస్తే మంత్రం, పసరు అని తిరగకుండా నేరుగా ఆసుపత్రికి రండి.

మరో డాక్టరు విలియం రాక్స్‌బరో. 1781 నుంచి సామర్లకోటలో ఉండి, అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, నీలిమందు మొక్కలు పెంచి చూశాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్ళాడు. మన కొండల్లోని సోమిద చెట్టు బెరడు జ్వరాలకు పనికి వస్తుందని విని, దక్షిణ అమెరికా నుంచి ఖరీదుగా వచ్చే సింకోనా బెరడుతో పోల్చి పరీక్షలు చేసి, 1793లో పుస్తకం అచ్చు వేశాడు. ఆ చెట్టు శాస్త్రీయ నామం సోయ్‌మిడా, మన సోమిదే. చివరికి మలేరియాకు గెలిచింది సింకోనానే, దాని నుంచి తీసిన క్వినైనే. మాకు నచ్చేది ఫలితం కాదు, ఆయన పద్ధతి. నాటు వైద్యాన్ని వెక్కిరించలేదు, అలాగని వినగానే నమ్మలేదు. తూచి చూశాడు.

ఆ తూకం మనకు ఇప్పటికీ కావాలి. చెట్టుమందు కాబట్టి చెరుపు చేయదు అనే మాట ప్రతిరోజూ వింటాము. మన కంచెల మీద పాకే ఈశ్వరి తీగ, చెలకల్లో ఉండే గాడిదగడపాకు ఒకే కుటుంబం మొక్కలు. ఈ కుటుంబంలో ఉండే ఒక ఆమ్లం కిడ్నీలను నెమ్మదిగా ఎండగట్టేస్తుంది, మూత్రనాళాలలో క్యాన్సరు కూడా తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికని ఈ జాతి మూలిక కలిసిన మందు తిన్న ఆడవారికి వరుసగా కిడ్నీలు పోయాయి. యూరపులోని బాల్కన్ పల్లెల్లో తరతరాలుగా ఉన్న కిడ్నీ జబ్బుకు, గోధుమ చేలలో కలిసి పెరిగిన ఇదే జాతి మొక్క గింజలు కారణమని తరువాత తేలింది. ఉద్దానం జబ్బుకు ఇదే కారణమని మేము అనడం లేదు. కడుపునొప్పికి, పాముకాటుకు ఈ ఆకులు, వేళ్ళు నూరి తాగించవద్దని మాత్రం చేతులెత్తి చెబుతున్నాము.

మరి తోట వల్ల రోగికి మేలేమిటి? చూడడమే మేలు. 1984లో రోజర్ ఉల్రిక్ అనే ఆయన అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేశాడు. పిత్తాశయం ఆపరేషను అయినవారిలో 23 మందికి కిటికీలోంచి చెట్లు కనబడేవి, మరో 23 మందికి ఇటుక గోడ కనబడేది. చెట్లు చూసినవారు సగటున 7.96 రోజుల్లో ఇంటికి వెళ్ళారు, గోడ చూసినవారు 8.70 రోజుల్లో. బలమైన నొప్పి మందులు కూడా చెట్లు చూసినవారికి తక్కువ పట్టాయి. చిన్న పరిశీలనే, దానితో అంతా తేలిపోయిందనలేము. కానీ మంచం కిటికీ వైపు తిప్పమని అడిగే రోగులను చూసినవారికి అది ఆశ్చర్యం కలిగించదు.

ఇప్పుడు ఆసుపత్రుల ఆవరణలు, బడుల ఆవరణలు, చర్చి ఆవరణలు కూడా సిమెంటు పలకలతో నిండిపోతున్నాయి. శుభ్రంగా ఉంటుంది, బళ్ళు పెట్టుకోవచ్చు అంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఆ పలకల మీద చెప్పులు లేకుండా నడిచి చూడండి. రోగితో వచ్చినవారు అన్నం తినేది, రాత్రి పడుకునేది, ఏడవాలనిపిస్తే వెళ్ళేది చెట్టు కిందకే. ఆ చెట్టుకు లెక్కల పుస్తకంలో పద్దు లేదు కాబట్టి దాన్ని ముందు కొట్టేస్తారు. ఆవరణలో మిగిలిన మట్టినైనా సిమెంటు చేయవద్దన్నది మా కోరిక. సంఘ కుటుంబాలవారు తలచుకుంటే ఇది జరిగే పనే. తొలకరికి రోగులను చూడడానికి వచ్చేటప్పుడు బొండానికి బదులు ఒక మొక్క తెండి. వేప, కానుగ, పొగడ, సంపెంగ, మల్లె, నిమ్మ ఏదైనా సరే. పచ్చగన్నేరు మాత్రం వద్దు. పూలు అందంగానే ఉంటాయి గాని దాని పప్పు ఎంతమందిని మా అత్యవసర గదికి తెచ్చిందో మాకు తెలుసు. ఇళ్ళలో కూడా పిల్లలకు, మనసు బాగోలేనివారికి అందేచోట దాన్ని ఉంచవద్దు.

నీళ్ళు ఎక్కడివి అని అడుగుతారు. దీనికి జవాబు డయాలిసిస్ గదిలోనే ఉంది. నాలుగు గంటల డయాలిసిస్‌కు ఒక్క రోగికి సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. ఆ నీటిని ఆర్.ఓ. యంత్రం తయారు చేసేటప్పుడు ఉప్పులు పోగైన కొంత నీటిని పక్కకు వదిలేస్తుంది. చాలాచోట్ల అది కాలువలో పోతోంది. ఆ నీరు రోగిని గాని, రక్తాన్ని గాని తాకినది కాదు. రోగి దాకా వెళ్ళకముందే వేరైపోయినది. రోగి దగ్గర నుంచి వచ్చే నీరు వేరే గొట్టంలో పోతుంది, దాన్ని ముట్టుకోకూడదు. యంత్రం వదిలిన నీటిని మాత్రం కొన్ని దేశాల్లో ఆసుపత్రి తోటలకు వాడుతున్నారు. ఉప్పు ఎంత ఉందో ముందు పరీక్ష చేయించాలి, ఎందుకంటే మల్లె, నిమ్మ తట్టుకోలేవు. ఉప్పును బాగా తట్టుకునే చెట్టు మన దగ్గర ఒకటి ఉంది, అది కొబ్బరి. సోంపేట, పలాస, కవిటి వంటి చోట్ల డయాలిసిస్ గదుల వెనుక నాలుగేసి కొబ్బరిమొక్కలు పెట్టడానికి పెద్ద ఖర్చు అవదు. ఆ బొండాలు మంచం మీద ఉన్నవారు తాగకూడదు. వారి కోసం బయట వరండాలో నాలుగు గంటలు కూర్చున్నవారు తాగవచ్చు.